కట్టుచేతుల బాబాయి

మా బాబాయి చేతులు కట్టుకుని కూర్చునే మనిషి. తిట్టడం లేదు, ఆయన ఉద్యోగమే అది. గ్రంథాలయం వెనక గదిలో, చూపు లేనివాళ్ళకీ చేతులు సహకరించనివాళ్ళకీ ఇంటర్నెట్టు వాడడం నేర్పుతాడు. ఎదుటివాళ్ళ కీబోర్డు మీద మాత్రం చచ్చినా వేలు పెట్టడు. "ఇదిగో, చేతులు కట్టుకున్నాను" అని ముందే ప్రకటిస్తాడు. మాలాంటి వాళ్ళకి కనిపించదు కదా మరి.

చేతులు పడిపోయి, తల ఊపి మౌస్ కదిపే టైపిస్టు ఒకాయన ఒక్క మెయిలు పంపడానికి ముప్పావుగంట తీసుకుంటే, ముప్పావుగంటా బాబాయి అలాగే కూర్చున్నాడు.

ఈ జబ్బు ఇంట్లోనూ ఉంది. ఒకరోజు నేనక్కడ ఉండగానే పాలు పొంగాయి.

"ఏమండీ, కట్టెయ్యండి!" అని పెరట్లోంచి పిన్ని కేక.

"కట్టుకునే ఉన్నానే!"

"చేతులు కాదండీ, స్టవ్వు!"

ఇక నా సంగతి. నేను లెక్కల మాస్టారిని. నలభై రెండో ఏట చూపు పోయింది. "కంప్యూటర్ మీద మీ పని మీరే చేసుకోగలిగితే మళ్ళీ రండి" అన్నారు బడివాళ్ళు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి, గడువు సాయంత్రం అయిదు. నాలుగున్నరకి బాబాయి గదిలో, ఆయన పక్కనే కూర్చుని, నేను ఆఖరి పేజీలో ఇరుక్కుపోయాను. తెర మీదిది చదివి వినిపించే గొంతు ఎటు వెళ్ళినా "బటన్" అంటుందే తప్ప ఏ బటనో చెప్పదు. ఆ పేజీ తయారుచేసిన మహానుభావుడు వాటికి పేర్లు పెట్టడం మరిచాడు. ఒకటి తప్పు నొక్కితే నింపిందంతా చెరిగిపోతుంది.

"బటన్. బటన్. బటన్."

"బాబాయ్, ఇది కంప్యూటరా, దర్జీ కొట్టా?"

"దర్జీ కొట్టేరా. నీ చొక్కా నువ్వే కుట్టుకో."

"నీకు కనిపిస్తోందిగా! ఒక్కసారి నొక్కితే నీ సొమ్మేం పోయింది?"

"ఉద్యోగం నాక్కాదుగా."

"అవసరానికి చెయ్యిచ్చావు బాబాయ్!"

"ఇవ్వలేదురా, కట్టుకున్నాను."

మండిపోయింది నాకు. కాసేపటికి ఆయనే అడిగాడు. "ముందు పేజీల్లో బటన్లు ఏ వరసలో వచ్చాయి, లెక్కల మాస్టారూ?"

గుర్తు చేసుకున్నాను. వెనక్కి, చెరుపు, ముందుకి. అయితే ఇక్కడా మూడోదే పంపేది అయ్యుండాలి. అయిదుకి ఎనిమిది నిమిషాలుండగా మూడోది నొక్కాను.

"మీ దరఖాస్తు అందింది" అంది గొంతు.

బడిలో పిలిచి అడిగారు. "నిజంగా మీరే నింపారా? పక్కన ఎవరూ లేరూ?"

"మా బాబాయి ఉన్నాడండీ. చేతులు కట్టుకుని కూర్చున్నాడు."

నవ్వి, అక్కడికక్కడే ఇంకో ఫారం తెరిచి నా ముందు పెట్టారు. నింపేశాను. సోమవారం నుంచి రమ్మన్నారు.

ఆ మాట చెబుదామని పరుగున వెళితే పిన్ని అసలు విషయం బయటపెట్టింది. "మండుటెండల్లో కూడా మీ బాబాయి పొడుగు చేతుల చొక్కా ఎందుకేస్తాడో తెలుసా నాన్నా? మీరు తడబడినప్పుడల్లా ఆయన చేతులు ఆగవు. అవి ముందుకి పోకుండా జబ్బలు గట్టిగా పట్టుకుంటాడు. నీ ఫారం రోజున రెండు జబ్బలకీ గోళ్ళ గాట్లే, నేనే మందు రాశాను. ఇంకో పది నిమిషాలు పట్టుంటే కుట్లు పడేవి."

"ఇప్పుడవన్నీ ఎందుకే" అని గొణిగాడు బాబాయి.

నేను నా కాళ్ళ మీద నిలబడ్డానంటే, ఆ కట్టుకున్న చేతుల చలవే. చెయ్యి చాపాను. కాసేపు గాలిలోనే ఉండిపోయింది. అప్పుడు బాబాయి కట్టు విప్పి, నిజంగానే నాకు చెయ్యిచ్చాడు.