రెండంగుళాలు పొడుగైన ప్యాడ్స్

ఐస్ హాకీలో గోలీని, అంటే గోల్‌కీపర్‌ని, ఎంపిక చేసేటప్పుడు ఎన్ని గోల్స్ ఆపిందో మేం రాయం. బయటివాళ్లకి ఇది వింతగా ఉంటుంది. పక్ అనే ఆ నల్లటి రబ్బరు బిళ్ల దానంతటది వచ్చి ఒంటికి తగిలినా ఆపినట్టే. అందులో ఆ పిల్ల గొప్పేమీ లేదు. నిలబడిన తీరు, షాట్ కొట్టే మనిషికి సరిగ్గా ఎదురుగా జరిగిందా లేదా, మోకాళ్ల మీదికి ఎలా దిగింది, దిగాక ఎంత త్వరగా లేచింది, ఇవే చూసి ఒక్కోదానికి ఐదు మార్కులకి వేస్తాం.

స్కూల్లో నాలుగేళ్లు నేనూ గోలీగా ఆడాను. ముఖానికి మాస్క్ ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అందుకే ఆ ఆట నచ్చింది. ఉద్యోగంలో చేరాక టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఒక అమ్మాయిల టీమ్ సెలక్షన్స్‌కి గోలీలను చూసి రాసిపెట్టమంటే ఒప్పుకున్నాను. ఐస్ చుట్టూ ఉండే గాజు గోడ వెనక కూర్చుని రాసుకోవడం నాకు చేతనైన పని.

సెలక్షన్స్ రోజు, శనివారం పొద్దున, ఐస్ రింక్ లాబీలో అంకుల్ కనిపించారు. మేం దగ్గర్లోని కాపెల్‌ ఊళ్లో ఉన్నప్పుడు మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవారు. పన్నెండేళ్ల వాళ్లమ్మాయి బెంచీ మీద కూర్చుని కాళ్లకి ప్యాడ్స్ కట్టుకుంటోంది. తెల్లటి కొత్త ప్యాడ్స్. తొడలు దాదాపు మునిగిపోయాయి.

"చూసినవా తల్లీ, కొత్తవి!" అన్నారు అంకుల్. "షాప్‌వాడు చిన్న సైజ్ ఇస్తానంటే నేనే వద్దన్న. ఏడాదిల ఎదిగిపోతది గదా. రెండంగుళాలు ఎక్కువే తీస్కున్న."

"డాడీ, నడిస్తే కొట్టుకుంటున్నాయ్."

"వింటర్ జాకెట్‌కి గూడ అట్లనే ఏడ్చినవ్. ఇప్పుడు కరెక్ట్‌గ లేదా?"

మా ఇంట్లోనూ అంతే. అన్నీ ఒక సైజు పెద్దవే కొనేవారు. బూట్లయితే ముందు దూది కుక్కుకుని నడవొచ్చు. గోలీ ప్యాడ్ అలా కాదు. కిందికి దిగినప్పుడు మోకాలు ప్యాడ్ లోపలి మెత్త మీద సరిగ్గా ఆనాలి. ప్యాడ్ పొడుగైతే మోకాలు ఆ మెత్త మీద పడదు. ప్యాడ్ పక్కకి తిరిగిపోయి రెండు కాళ్ల మధ్య సందు మిగులుతుంది.

"అక్కా, నన్ను నువ్వే చూస్తావా? అయితే నేను సేఫ్," అని నవ్వింది ఆ పిల్ల.

హాకీ సామాను అమ్మే ప్రో షాప్ ఆ లాబీలోనే పది అడుగుల దూరంలో ఉంది. అద్దెకి సరైన సైజు దొరికేది. కూతురి ముందు అంత పెద్దాయనకి మీరు తప్పు కొన్నారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "బాగున్నాయి అంకుల్" అన్నాను.

ఐస్ మీదికి వెళ్తూ ఆ పిల్ల నాకు చెయ్యి ఊపింది. నా పక్కనున్న హెడ్ కోచ్ అది చూశాడు.

"నీకు తెలిసిన అమ్మాయా?"

"పెద్దగా తెలీదు," అన్నాను. ఆ బిల్డింగ్‌లో మా ముగ్గురివే గోధుమ రంగు ముఖాలు. తనవాళ్లని వెనకేసుకొస్తోంది అనుకుంటాడేమోనని భయం.

వచ్చిన గోలీలందరిలోకీ ఆమె చూపే చురుకు. షాట్ ఎటు రాబోతోందో ముందే పసిగట్టి అక్కడికి చేరుకునేది. దిగిన ప్రతిసారీ మాత్రం ప్యాడ్ తిరిగిపోయేది, పక్ కాళ్ల మధ్య నుంచి జారిపోయేది. లేవబోతే ప్యాడ్స్ ఒకదానికొకటి తగులుకునేవి. కిందికి దిగి కాళ్ల మధ్య సందు మూసినదానికి ఐదుకి రెండు వేశాను. లేచినదానికి కూడా రెండే. మార్కులు తప్పు కావు. అడుగున ఖాళీలో "ప్యాడ్స్ సైజు సరిపోలేదు, సరైనవి వేసి మళ్లీ చూడాలి" అని రాశాను. కాసేపు దాన్నే చూసి, రబ్బరుతో చెరిపేశాను.

తర్వాత మీటింగ్. ఇద్దరు గోలీలు కావాలి, మూడు పేర్లు మిగిలాయి.

"ఈ అమ్మాయికి మోకాళ్లు మూయడం రాదు," అన్నాడు హెడ్ కోచ్. "గోలీవి నువ్వు. నువ్వేమంటావ్?"

"షీట్‌లో రాశాను."

"గుడ్. నీ షీట్లు ఎప్పుడూ క్లియర్‌గా ఉంటాయి." పేరు కొట్టేశాడు.

సాయంత్రం అంకుల్ ఫోన్ చేశారు. "ఏం తక్కువైంది తల్లీ? చెప్తే ప్రాక్టీస్ చేయిస్త."

చెబితే తప్పు తనదని ఆయనకి తెలుస్తుంది. లాబీలోనే నేనది చూశానని కూడా తెలుస్తుంది.

"పోటీ ఎక్కువగా ఉంది అంకుల్."

"లోపల దానికోసం ఒక మాటన్న చెప్పినవా?"

"ట్రై చేశాను అంకుల్."

"నువ్వుండబట్టి ఆ మాత్రం ధైర్యం తల్లీ. థాంక్స్."

ఫోన్‌లో వెనక నుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది: "డాడీ, నేను స్లోనా అని అక్కని అడుగు."

"స్లోనా అని అడుగుతుంది," అన్నారాయన.

"కొంచెం," అన్నాను.

"కొంచెం స్లో అంట బిడ్డా," అని ఆయన అటు తిరిగి చెప్పడం వినిపించింది. ఆ పిల్ల ఏమందో వినబడలేదు.

ఆమె హాకీ మానేసిందని నెల తర్వాత అమ్మ చెప్పింది. తనకి ఆ ఆట రాదని తనే తేల్చుకుందట. ప్యాడ్స్ ఎవరికో ఇచ్చేశారట. "పాపం, నువ్వు ఎంతో ట్రై చేశావని వాళ్లు చెప్పుకుంటున్నారు," అంది అమ్మ మెచ్చుకోలుగా. నేను సింక్‌లోంచి ఇంకో గిన్నె తీసి కడిగాను. ఈ ఏడాది సెలక్షన్స్‌కి మళ్లీ పిలిచారు. వస్తానని చెప్పాను.