అవ్వ ఎంగిలి చాయ్

చిన్నప్పుడు మా తమ్ముడు బడి ఎగ్గొట్టాలనుకుంటే చంకలో ఉల్లిగడ్డ పెట్టుకుని పడుకునేవాడు. అలా చేస్తే జ్వరం వస్తుందని వాడికెవరో చెప్పారు. జ్వరం వచ్చేది కాదు గానీ ఉల్లిగడ్డ కంపు మాత్రం ఇల్లంతా వచ్చేది. అమ్మ చీపురు అందుకునేలోపే అవ్వ వచ్చి వాడి మెడ మీద చెయ్యి పెట్టి, "కాలుతాంది పోరనికి. ఇయ్యాల బడికి పోడు" అని తీర్పు చెప్పేది. అవ్వ అంటే మా నాయినను కన్నతల్లి. ఆమె చెయ్యే మా ఇంటి థర్మామీటరు. వాడి విషయంలో అది ఎప్పుడూ అబద్ధమే చెప్పేది. నాకు నిజంగా ఒళ్లు కాలిపోతున్నా, "ఏం గాలే, లే" అనేది. ఆ అన్యాయం మీద నాకు ఇప్పటికీ కోపమే.

అవి తొంభైల నాటి సంగతులు. మాది మేడ్చల్ దగ్గరి రావల్‌కోల్. ఉన్న కాస్త చెలకలో నాయిన వ్యవసాయం చేసేవాడు. అమ్మా అవ్వా చుట్టుపక్కల చేలల్లో కలుపుకు పోయేవాళ్లు. నేను మేడ్చల్‌లో డిగ్రీ చదివి, శామీర్‌పేట వైపు టీకాల మీద పరిశోధన చేసే ఒక ల్యాబులో టెక్నీషియన్‌గా చేరాను. తమ్ముడు చదువుకు దండం పెట్టి, మేడ్చల్ నుంచి కొంపల్లికి సెవెన్ సీటర్ ఆటో నడిపేవాడు. ఆ బండిలో ఎంతమంది పడతారో వాడికీ దేవుడికీ మాత్రమే తెలియాలి. అవ్వ ఎక్కితే మాత్రం ముందు సీటు ఖాళీ చేయించి, "జర జరుగుండ్రి, మా మేడమ్ ఒస్తాంది" అనేవాడు. అవ్వ సిగ్గుపడి వాడి వీపు మీద ఒక్కటి చరిచేది.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడు, వానాకాలంలో వాడికి జ్వరం వచ్చింది. అప్పుడు జనం ముక్కులకు దస్తీలు కట్టుకుని ఆటో ఎక్కేవారు. వాడు మాత్రం ఊపిరాడట్లేదని దస్తీ మెడలో వేలాడేసుకునేవాడు. మొదటిరోజు నేను, "ఉల్లిగడ్డ ఏడ దాసినవ్‌రా?" అని ఎగతాళి చేశాను. వాడు నవ్వబోయి దగ్గాడు. మర్నాటికి వాడి పెదవులు నల్లబడ్డాయి, ఒక్క మాట అనడానికి ఆయాసపడుతున్నాడు. ఆటో టైరు ఒంటిచేత్తో ఎత్తే మనిషి గోడకు ఆనుకుని కూర్చోలేకపోయాడు.

నాయిన జీపు మాట్లాడడానికి వెళ్లాడు. అవ్వ చాయ్ కాచి తెచ్చింది. వాడు ఒక గుటక మింగి వద్దన్నాడు. అవ్వ ఆ గిలాసను వాడి తల చుట్టూ తిప్పింది. మా వైపు దిష్టి తగిలితే అలా తిప్పిన అన్నాన్నో నీళ్లనో తీసుకెళ్లి మూడు బాటలు కలిసేచోట పారబోసి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. పీడ అక్కడే ఉండిపోతుందని నమ్మకం. అవ్వ కూడా పారబోయడానికే పోతోందనుకున్నాను. ఆమె గడప దాటలేదు. అక్కడే నిలబడి, "వీని పీడ నాకు రానియ్యి తల్లీ" అని, ఆ చాయ్ గడగడా తాగేసింది.

నేను కేక పెట్టాను. "అవ్వా, నీకేమన్న పిచ్చి లేసిందా? గది అంటుకునే రోగం!"

"అంటుకోవాల్ననే తాగిన" అంది, గిలాస కడిగి బోర్లిస్తూ.

వాణ్ని పట్నంలోని దవాఖానకు తీసుకుపోయాం. నేనూ నాయినా అక్కడే ఉండిపోయాం. ముసలివాళ్లను లోపలికి రానివ్వరని అవ్వను ఇంటి దగ్గరే ఉంచాం. అక్కడ ఆమె ఏం చేసిందో తర్వాత అమ్మ చెప్పింది. పొద్దున లేస్తూనే తన మెడ మీద తానే చెయ్యి పెట్టుకుని చూసుకునేదట. "ఇంక రాలే" అనేదట. వాకిట్లో కూర్చుని మళ్లీ చూసుకునేదట. చుట్టం కోసం ఎదురు చూసినట్టు జ్వరం కోసం ఎదురు చూసింది. అమ్మకు ఒళ్లు వెచ్చబడి తగ్గింది. వాడి పక్కన కూర్చుని, వాడి ఎంగిలి తాగిన అవ్వకు మాత్రం తుమ్ము కూడా రాలేదు.

తమ్ముడు బతకలేదు. వాణ్ని మూటగట్టి ఇచ్చారు, విప్పొద్దన్నారు. అవ్వ మూట మీద తడిమి తడిమి, మెడ ఎక్కడుందో వెతుక్కుని, అక్కడ చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి తీయించడం నాయిన వల్ల కాలేదు.

తర్వాత అవ్వ తిండి మానేసింది. అమ్మ బతిమాలితే ఒక ముద్ద, నేను అరిస్తే ఇంకో ముద్ద. నా పెద్ద నోరు ఇంట్లో పనికొచ్చింది ఆ ఒక్కసారే. ఎప్పుడు కదిలించినా ఒకటే మాట. "నువ్వు సూస్తివి గద బిడ్డా. గిలాస ఏ చేత్తోటి తిప్పిన?"

"కుడి చేత్తోనే అవ్వా."

"మరి నాకెందుకు రాలే? మొక్కంగ ఏం తప్పు పోయింది? రోగానికి గూడ అక్కరకు రాకపోతిని."

మనిషి కళ్లముందే ఎండిపోతోంది. ఆ 'ఎందుకు రాలే'కు జవాబు దొరక్కపోతే అవ్వ కూడా మాకు దక్కదని భయం పట్టుకుంది నాకు. ఒకే ఇంట్లో రెండోసారి అది చూడగలిగే గుండె నాకు లేదు.

ఆ జవాబు నా ఉద్యోగంలోనే దొరికింది. మా ల్యాబును నడిపే మేడమ్ కోస్తా నుంచి వచ్చి కొంపల్లిలో స్థిరపడ్డారు. ఆవిడ ఒకరోజు నన్ను పిలిచి, "ఈ జ్వరం చాలామంది ముసలివాళ్లని వదిలేసి కుర్రాళ్లని పట్టుకుంటోందమ్మా. పెద్దవాళ్ల రక్తం పరీక్ష చేయాలి. మీ నాయనమ్మగారు ఒప్పుకుంటారేమో అడుగు" అన్నారు. ఫ్లూ వైరస్ ఎప్పటికప్పుడు తల మార్చుకుంటుంది. మన ఒంట్లో పుట్టే యాంటీబాడీలు ఎక్కువగా ఆ తలనే పట్టుకుంటాయి కాబట్టి, తల మారగానే పనికిరాకుండా పోతాయి. తల కింద ఉండే కాడ మాత్రం పెద్దగా మారదు. ఆ కాడను పట్టుకునే యాంటీబాడీలు కొందరి రక్తంలో ఉంటాయి. వాటిని పట్టుకోగలిగితే ఏ ఏటి ఫ్లూనైనా ఆపొచ్చని ఆవిడ ఆశ.

అవ్వ ఎందుకని కూడా అడగకుండా చెయ్యి చాపింది. ఆ పరీక్షలో చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెం వాడతాం. చంపేసిన వైరస్, కోడి రక్తకణాలు, మనిషి రక్తంలోంచి వేరుచేసిన సీరం కలుపుతాం. సీరంలో బలం లేకపోతే వైరస్ ఆ కణాలను అల్లుకుని పలచటి పొరలా పరిచేస్తుంది. బలం ఉంటే కణాలు జారి, గుంట అడుగున ఎర్రటి బొట్టులా కూర్చుంటాయి. తమ్ముడి ఈడు వాళ్ల వరసల్లో అన్నీ పొరలే. అవ్వ వరసలో బొట్లు. సీరాన్ని ఎంత పలచన చేసుకుంటూ పోయినా బొట్లు వస్తూనే ఉన్నాయి. ఈ పరీక్షలో కనపడేవి తలను పట్టేవే, ఎప్పటిదో పాత ఫ్లూ గుర్తులు; కాడను పట్టేవి కూడా ఉన్నాయో లేదో ఇందులో తేలదు. ఉన్నవి ఈ వైరస్‌ను ఆపుతున్నాయి, అంతే. మేడమ్ సంతోషంగా నా భుజం తట్టారు. నేను బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి పరుగెత్తాను. అవ్వకు నచ్చేలా ఎలా చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను.

"అవ్వా, కలుపు కొస పట్టి గుంజితే ఏమైతది?"

"తెగి చేతిలకొస్తది. మల్ల మొలుస్తది."

"గా రోగం గూడ గంతే. మొదలు పట్టి పీకే బలం నీ నెత్తుర్ల ఉన్నట్టుంది. మొక్కుల ఏ తప్పు పోలే. రోగం నీ లోపల్కి వచ్చే ఉంటది. నీ నెత్తురే దాన్ని నిలువనియ్యలే."

అవ్వ తన చేతిలో సూది గుచ్చిన చోటు చూసుకుంది. "నా నెత్తుర్లకు ఎట్లొచ్చింది బిడ్డా?"

"చిన్నప్పుడు ఎన్నడో నీకు గిసొంటి జ్వరమే వచ్చి ఉంటది."

"వచ్చింది" అంది వెంటనే. "మా చెల్లెకు నాకు ఒక్కటే గొంగడి కప్పిన్రు. తెల్లారినంక నేను లేచిన. అది లేవలే."

ఆ చెల్లెలి సంగతి మా నాయినకు కూడా తెలియదు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇక మనసు తేలికపడుతుందని ఎదురు చూశాను. అవ్వ ముఖం ముడుచుకుపోయింది.

"అంటే మందు నా ఒంట్లనే ఉండె. నేనేమో వాని ఎంగిలి తాగిన. నా ఎంగిలి వానికి తాపాల్సుండె. ఉల్టా జేసిన బిడ్డా, అంత ఉల్టా జేసిన."

"ఎంగిలి తాగితే రాదవ్వా అది. ఒకరి నెత్తుర్ల నుంచి ఇంకొకరి నెత్తుర్లకే పోవాలె."

"మరి నెత్తురు ఎక్కియ్యకపోతివి?"

"అప్పుడు మాకు తెల్వదు. ఎక్కిస్తే బతుకుతుండెనా అంటే అదీ తెల్వదు."

ఆమె వినడం లేదు. కాసేపటికి లేచి చేతులు కడుక్కుని, ఎవరూ బతిమాలకుండానే అన్నం పెట్టుకుని తింది. అమ్మ నా వైపు కళ్లతోనే దండం పెట్టింది. అవ్వ ఎందుకు తింటోందో మాకు రెండు రోజుల తర్వాత గానీ తెలియలేదు. వాడకట్టులో ఎవరి పిల్లకు ఒళ్లు వెచ్చబడినా, సగం తాగిన చాయ్ గిలాస కొంగుతో మూసి పట్టుకుని వెళ్లేది. తల్లులు ఛీ అన్నారు. ఒకామె గిలాస లాక్కుని మోరీలో పారబోసింది. మందు పారబోసినవని అవ్వ ఆమెతో జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా వెళ్లింది. అమ్మ నన్ను చెప్పమంది. నేను ఆ పిల్లల తల్లులకు సర్ది చెప్పాను గానీ అవ్వకు ఒక్క మాటా చెప్పలేకపోయాను.

ఆ చలికాలం నాకు జ్వరం వచ్చింది. మామూలు పడిశమే. దుప్పటి కప్పుకుని పడుకుంటే అవ్వ వచ్చి నా మెడ మీద చెయ్యి పెట్టింది. "కాలుతాంది బిడ్డకు" అంది. నా బతుకులో ఆమె నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. గిలాస నా నోటి దగ్గర పెట్టింది. అంచున ఆమె వక్కాకు మరక ఉంది. ల్యాబులో ప్రతి తలుపు దగ్గరా చేతులు కడుక్కునే మనిషిని నేను. చాయ్ చల్లారిపోయింది. అవ్వ నా గొంతు కదలడమే చూస్తూ కూర్చుంది. అడుగు దాకా తాగాను.