పెన్సిల్‌తో రాసిన చుట్టరికాలు

మా ఆస్పత్రి రికార్డు రూమ్ అమ్మగారు పోయిన మంగళవారం తెల్లవారుజామున చనిపోయారు. డాక్టరమ్మ ఫోన్ చేసేసరికి నేను కల్లంలో మిరపకాయల మీద కప్పిన పట్టాలు తీస్తున్నాను. "నిద్రలోనే పోయింది. ఎవరికి కబురు చెయ్యాలో కంప్యూటర్లో చూసి చెప్పు," అన్నారు. చేతులు రెండుసార్లు కడుక్కుని బయలుదేరాను. మిరప ఘాటు అంత త్వరగా పోదు. దారిలో కళ్ళు తుడుచుకోకుండా జాగ్రత్తపడ్డాను.

ఆవిడ పేరు రాయడం లేదు. ఆస్పత్రిలో ఎవరూ ఆవిణ్ణి పేరుపెట్టి పిలవలేదు. పెళ్ళి చేసుకోలేదు. వెనక వైపు క్వార్టర్సులో ఒక గదిలో ఉండేవారు. ఉద్యోగం అయిపోయిన తర్వాత కూడా రోజూ తొమ్మిదింటికి వచ్చి అదే కుర్చీలో కూర్చునేవారు. పొమ్మని ఎవరూ అనలేదు.

రికార్డు రూములో నాలుగు ఇనప బీరువాలు, వాటి నిండా అట్ట కార్డులు. కాయకోతకు పోయే ఆడవాళ్ళు, పత్తిచేలకు మందు కొట్టేవాళ్ళు, చీమకుర్తి రాయి పనివాళ్ళు, కొత్తపట్నం నుంచి వచ్చే చేపలు పట్టే పల్లెకారులు, ఎవరొచ్చినా ఒక కార్డు. పేరు, ఊరు, తండ్రి, తోబుట్టువులు, జబ్బు, డాక్టరు రాసిన వివరం. ఇదంతా నీలం సిరాతో ఉండేది. కుడివైపు పైమూల మాత్రం ఆవిడ పెన్సిల్‌తో రాసేవారు. ఆ పెన్సిల్‌ని బ్లేడుతో చెక్కి, పొట్టును కాగితంలోకి ఎత్తి బుట్టలో వేసేవారు.

ఎందుకలా అని చేరిన కొత్తలో అడిగాను.

"పెన్నుతో రాసింది వాళ్ళు చెప్పింది. పెన్సిల్‌తో రాసింది నేను తెలుసుకుంది. తప్పైతే చెరుపుకోవచ్చు గదా," అన్నారు.

మూలన ఉండేవి ఎక్కువగా రెండో పేర్లు, అక్కడక్కడా పైకి చెప్పని చుట్టరికాలు. మా వైపు చాలామందికి బడిలో ఒక పేరు, చర్చిలో ఒక పేరు ఉంటాయి. ఎక్కడ ఏది చెప్పాలో వాళ్ళకు తెలుసు. ఆవిడ ఏమీ అడగకుండా రెండోది పెన్సిల్‌తో రాసి పెట్టుకునేవారు.

నన్ను తీసుకున్నదే ఆ కార్డులను కంప్యూటర్లోకి ఎక్కించడానికి. గ్రాఫ్ డేటాబేస్ పెడదామన్నాను. అందులో ప్రతి మనిషీ ఒక చుక్క, ప్రతి చుట్టరికం ఒక గీత. కొన్ని జబ్బులు కుటుంబాల వెంట నడుస్తాయి కాబట్టి డాక్టరమ్మ ఒప్పుకున్నారు. అమ్మగారికి తెర మీద చూపిస్తే కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశారు.

"ముగ్గేశావా? మా ఇళ్ళల్లో వెయ్యం గానీ, చూట్టానికి బానే ఉంది. మరి నా పెన్సిల్ రాతల సంగతేంటి?"

"అవి వద్దండీ. రుజువు లేనివి."

"సరే నాయనా. నీ ముగ్గు, నీ ఇష్టం."

అలా సిరా మాత్రమే ఎక్కించాం. ఇంకొక పని కూడా చేశాను. పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే జాబితా ఉంటుంది. కంప్యూటర్లో అలాంటిదాన్నే ఇండెక్స్ అంటారు. దాన్ని పేర్లకు మాత్రమే కట్టాను. డాక్టర్లు రాసిన వివరాలకు కట్టలేదు. అవి ఎవరు వెతుకుతారులే అనుకున్నాను.

రెండో ఏడు, మిరప కోతలప్పుడు, ఒక కూలి మనిషి మా దగ్గర ప్రసవించింది. బిడ్డ బాగానే ఉంది. తల్లికి రక్తం ఆగలేదు. ల్యాబు అతను పరుగున కిందికి వచ్చాడు. పరీక్షలో 'ఓ' గ్రూపు అని చూపిస్తోంది, కానీ ఆ గ్రూపు సంచుల్లో ఒక్కటీ కలవడం లేదు. అది చాలా అరుదైన బాంబే గ్రూపు అన్నాడు. ఆ గ్రూపు వాళ్ళ రక్తమే ఎక్కించాలి, తోడబుట్టినవాళ్ళలో ఉండే అవకాశం ఉంది. బయటి బ్లడ్ బ్యాంకుల్లో అడిగితే దొరకలేదు. "సాయంత్రం దాకా నిలబడదు," అని డాక్టరమ్మ నాకు మాత్రమే వినపడేలా అన్నారు.

కంప్యూటర్లో ఆమె చుక్క దగ్గరికి వెళ్ళాను. తోబుట్టువులు: లేరు. వరండాలో ఉన్న మొగుణ్ణి అడిగాను. "లేరండీ," అన్నాడు. ఇదివరకు ఇలా రక్తం కలవనివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూద్దామనుకున్నాను. ఆమె ఊరి నుంచి మొదలుపెట్టి, ఊళ్ళో వాళ్ళందరినీ, వాళ్ళ చుట్టాలను, ఆ చుట్టాల చుట్టాలను తిరిగి, ఒక్కొక్కరి వివరంలో 'కలవలేదు' అన్న మాట ఉందేమో చూడమన్నాను. ఇండెక్స్ లేదు కాబట్టి అది ప్రతి కార్డునూ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. ఒక్కో గీత నుంచి ఇరవై గీతలు పుట్టుకొచ్చాయి. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

అమ్మగారు వచ్చి వెనక నిలబడ్డారు.

"ఎంతసేపయింది ఇది తిరగబట్టి?"

"పావుగంటండీ."

"ఎక్కడ మొదలెట్టావు?"

"ఊరి నుంచండీ."

"ఒక్కణ్ణి వెతకడానికి ఊరంతా లేపుతావా నాయనా?"

బీరువా తెరిచి ఆ బాలింత పాత కార్డు తీశారు. సిరాతో 'తోబుట్టువులు: లేరు' అని ఉంది. మూలన పెన్సిల్‌తో ఇంకోలా ఉంది. 'అన్న ఉన్నాడు. యేసురత్నం. మాటల్లేవు.' కార్డు పట్టుకుని వరండాలోకి నడిచారు. నేనూ వెళ్ళాను.

"ఏమయ్యా, మీ బావ ఎక్కడుంటున్నాడు?"

"మాకు బావ లేడమ్మా."

"ఉన్నాడు. మీ మామని పూడ్చిన రోజు సమాధి దగ్గరే కొట్టుకున్నారుగా. నాకు తెలవదనుకున్నావా? పంతం రేపు పడుదువుగాని, ముందు ఊరు చెప్పు."

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఉన్నా లేనట్టేనమ్మా. చీమకుర్తి కాడ రాయి పనిలో ఉన్నాడంటారు. దానికి చెప్పమాకండి, నన్ను చంపుద్ది."

"ముందు బతకనీ, తర్వాత చంపుద్దిలే."

లోపలికి వచ్చి మూడో బీరువాలో కింది సొరుగు లాగారు. రాయి పనిలో దెబ్బలు తగిలి వచ్చినవాళ్ళ కార్డులు ఆవిడకు తెలిసిన వరసలో అక్కడ ఉండేవి. ఆరో ఏడో తిప్పి ఒకటి బయటికి తీశారు. సిరాతో శ్రీనివాసరావు. మూలన పెన్సిల్‌తో యేసురత్నం. కింద ఎప్పటిదో డాక్టరు రాత: 'ఓ గ్రూపు రక్తం కలవలేదు. రక్తం ఎక్కించకుండానే కుట్లు వేశాం.' పని చేసే చోటి ఫోన్ నంబరు కూడా ఉంది.

తెర మీద చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ డాక్టరు రాసిన మాట అందులోనే ఎక్కడో ఉంది. అక్కడికి చేరేసరికి ఏ సాయంత్రమో అయ్యేది. చేరినా అతను ఆమె అన్న అని దానికి తెలియదు. ఆ గీత నేను గీయలేదు.

రెండు గంటల్లో అతను రాళ్ళ లారీ ఎక్కి వచ్చాడు. బట్టల నిండా తెల్లటి రాతి దుమ్ము. గుమ్మం దగ్గరే ఆగాడు.

"అది రమ్మందా?"

"అది మాట్టాడే స్థితిలో లేదు. నేను రమ్మన్నా. కూర్చో, చెయ్యి చాపు," అన్నారు అమ్మగారు.

రక్తం కలిసింది. ఆమె బతికింది. మొన్న అమ్మగారి సమాధికి ఆ అన్నాచెల్లెళ్ళు ఒకే బండి మీద వచ్చారు. మధ్యలో ఆ రోజు పుట్టిన పిల్ల, బడి యూనిఫాంలో. ముగ్గురూ తలా పిడికెడు మట్టి వేసి వెళ్ళారు.

ఆ ప్రసవం జరిగిన వారమే, పెన్సిల్ రాతలు కూడా ఎక్కిస్తానని ఆవిణ్ణి అడిగాను.

"రుజువులేవీ?" అన్నారు. చెక్కుతున్న పెన్సిల్ పక్కన పెట్టి, "మీ కంప్యూటర్లో చెరపడానికి వీలవుద్దా?" అని అడిగారు.

"అవుద్దండీ."

"అవసరం లేనివాడికి కనపడకుండా పెట్టొచ్చా?"

"పెట్టొచ్చండీ."

"అయితే పెట్టు."

సిరా చుట్టరికాలకు నల్ల గీతలు, పెన్సిల్ చుట్టరికాలకు సన్నటి బూడిదరంగు గీతలు పెట్టాను. రెండు పేర్లున్న మనిషికి ఒకే చుక్క ఉంచి, ఏ పేరుతో వెతికినా అక్కడికే వచ్చేలా చేశాను. డాక్టర్ల వివరాలన్నిటికీ ఇండెక్స్ కట్టాను. ఆవిడ పక్కన కూర్చుని చెబుతూ ఉండేవారు. "జ్వరం అని వెతికితే జిల్లా అంతా లేచి నిలబడుద్ది. పదిమందికీ లేని మాట పట్టుకో. అక్కణ్ణుంచి రెండడుగులు వెయ్యి, చాలు." నేను చదువుకున్నదీ అదే. అయినా ఊరి నుంచే మొదలుపెట్టాను. ఆనాటి ప్రశ్ననే ఆవిడ చెప్పినట్టు తిప్పి, 'కలవలేదు' అన్న మాట నుంచి మొదలుపెట్టి అడిగితే, మీట మీద నుంచి వేలు తీసేలోపు జవాబు వచ్చింది.

"నాకంటే ముందే చెబుతుందే," అన్నారు. మెచ్చుకున్నారో లేదో తెలియలేదు. ఆ తర్వాత కూడా పెన్సిల్ చెక్కడం మానలేదు.

ఆవిడ రాతా ఒకసారి తప్పయింది. ఇద్దరు మనుషులను అన్నదమ్ములని రాశారు. కాదని తెలిసింది. రబ్బరుతో చెరిపి, పొడిని ఊది, నన్ను కంప్యూటర్లో కూడా తీసెయ్యమన్నారు.

"గుర్తు కూడా లేకుండా పోయిందా?"

"పోయిందండీ."

"కాగితం మీద పోదు, చూడు," అని కార్డును కిటికీకి ఎదురుగా పట్టి చూపించారు. నొక్కిన చోట అక్షరాల గాడి అలాగే ఉంది.

మంగళవారం పొద్దున నేను ఆవిడ పేరు కొట్టాను. జవాబు వెంటనే వచ్చింది. ఒక్క చుక్క. నల్ల గీత లేదు, బూడిదరంగు గీత లేదు. లేచి బీరువా తెరిచి ఆవిడ కార్డు తీశాను. ఆవిడే రాసుకున్న కార్డు. సిరాతో 'తోబుట్టువులు: లేరు. కబురు చేయవలసినవారు: లేరు.' మూల ఖాళీగా ఉంది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పట్టాను. ఆ మూలన కాగితం పల్చబడి ఉంది. ఒకసారి చెరిపితే అంత పల్చబడదు. రాసి, చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపి ఉండాలి. ఒక పేరు పట్టేంత గాడి కనిపించింది. పెన్సిల్‌ని అడ్డంగా పట్టుకుని పైపైన రుద్దితే అక్షరాలు తేలతాయి. పెన్సిల్ బల్ల మీదే ఉంది, ముందురోజు చెక్కింది.

ఫోన్ మోగింది.

"ఎవరన్నా దొరికారా?" అన్నారు డాక్టరమ్మ.

"లేరనే రాసుకున్నారండీ," అన్నాను.

పల్చబడిన ఆ మూల నుంచి ఎండ నా వేళ్ళ మీద పడుతోంది. కాసేపు అలాగే పట్టుకుని, కార్డును దాని వరసలో పెట్టాను.