తెల్లగోడ ముందు ముఖం

పోలీసు యాక్షన్ అయ్యాక కూడా మా ఇబ్రహీంపట్నం వైపు తుపాకుల మోత ఆగలేదు. రజాకార్లు పోయారు, కమ్యూనిస్టు దళాలను వేటాడే పోలీసు క్యాంపు దిగింది. ఊళ్లో కెమెరా ఉన్నది నా దగ్గరే. ఒక మిట్టమధ్యాహ్నం ఇద్దరు జవాన్లు వచ్చి నన్ను మెడపట్టి క్యాంపుకు తోసుకుపోయారు.

అక్కడ కొత్తగా సున్నం వేసిన గోడకు ఒక శవాన్ని కూర్చోబెట్టి, భుజాల దాకా తెల్ల దుప్పటి కప్పారు. మెడలో తూటా దిగిన చోట నెత్తురు ఇంకా జారుతోంది. పక్కన ఒక ముసలామె మట్టిలో పడి ఏడుస్తోంది.

“ఆడు దళపోడు కాదు సారూ! నా కొడుకు. చెరువుల వల ఎయ్యబోయిండు.”

ఒక జవాను ఆమె కడుపులో బూటుతో తన్నాడు. కదలబోయిన నా వీపున తుపాకీ మడమ పడింది.

“దళం నాయకున్ని కొట్టినం. ఫోటో పైకి పంపాలె. జల్దీ తియ్,” అన్నాడు అధికారి. “ఎండ మస్తుంది. కెమెరా రంధ్రం చిన్నగ చెయ్, లేకుంటే అంత తెల్లగైతది.”

చూసినవాళ్లెవరికైనా అలాగే అనిపిస్తుంది. అంతకుముందు నేను పట్నంలో ఒక స్టూడియోలో పనిచేసేవాణ్ణి. మా యజమానితో కలిసి ఒక జాగీర్దారు వెంట కాశ్మీరు పోయినప్పుడు, మంచు మీద మెరిసే వెలుగుకు భయపడి రంధ్రం బాగా కుదించాం. ఫిల్ము కడిగితే మంచు మంచిగానే వచ్చింది, మనుషుల ముఖాలు మాత్రం బొగ్గుముక్కలు. మర్నాడు మంచును వదిలేసి ముఖం మీది వెలుగునే లెక్కలోకి తీసుకున్నాం. అప్పుడు కళ్లు కూడా కనిపించాయి.

ఇక్కడా తల మీద ఎండ, ముఖం నీడలో. అధికారి చెప్పినట్టు తీస్తే ఆ నల్లటి ముఖం ఎవరిదైనా కావచ్చు. నేను రంధ్రం పెద్దది చేసి మీట నొక్కాను. గోడ వట్టి తెలుపైపోతే పోనీ అనుకున్నాను.

ముఖం స్పష్టంగా వచ్చింది. ఒక కాపీ అధికారికిచ్చి, ఇంకొకటి ఆ తల్లి కోసం చూరులో దాచాను.

నాయకుణ్ణి ఎరిగినవాళ్లు పై ఆఫీసులో ఉన్నారట. ఇతను వేరే మనిషని ఫోటో తిప్పి పంపారు. అధికారి నా ఇంటి తలుపు తన్ని లోపలికి వచ్చాడు.

“మొకం గింత సాఫ్‌గ ఎందుకు తీసినవ్ రా?”

నా కుడిచెయ్యి గడప మీద పెట్టించి తుపాకీ మడమతో కొట్టాడు. ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఫిల్ము కాల్చేసి, కెమెరా పగలగొట్టి పోయాడు.

కొన్నాళ్లకు ఆ తల్లి వస్తే ఫోటో ఇచ్చాను. చాలాసేపు చూసింది.

“అవ్, నా కొడుకే. గీ గాయం కనవడకుంట చెయ్యరాదా బిడ్డా?”

నా వేళ్లు ఇంకా కట్లలోనే ఉన్నాయి. కత్తెర ఆమె చేతికిచ్చాను. ఆమె గడ్డం కింద మెల్లగా కత్తిరించి, ముఖం మాత్రం కొంగులో కట్టుకుంది.