కలలోకి రాని సారయ్య

మడికొండ చుట్టుపక్కల పెళ్లి కుదిరిందంటే ముందు ఫంక్షన్ హాలు దొరకాలి, తర్వాత లక్ష్మీనర్సమ్మ దొరకాలి. సకినాలు చుట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరని కాదు. ఉన్నారు, కానీ పిలిస్తే రారు. నర్సమ్మ వస్తుంది. నేల మీద పాత చీర పరుచుకుని, ఒక కాలు మడిచి ఒక కాలు చాపి, నువ్వులూ వామూ కలిపిన బియ్యప్పిండిని వేళ్ల సందుల్లోంచి సన్నగా వదులుతూ చుట్టు మీద చుట్టు తిప్పుకుంటూ పోతుంది. చేతికి అంత అలవాటైన పనికి కళ్లతో అవసరం లేదు. అందుకని ఆ కళ్లు సగం మూసుకుని ఉంటాయి, పెదాలు మాత్రం కదులుతుంటాయి. పక్కన కూర్చున్న ఆడవాళ్లు "నర్సక్కా, ఎవలతోని పెట్టినవే ముచ్చట?" అని నవ్వుతారు. ఎవరితోనంటే, ఎక్కువగా చచ్చిపోయినవాళ్లతో.

ఇందులో భయపడాల్సిందేమీ లేదు. పక్కింటివాళ్లు చాయపత్తా కోసం వచ్చినంత మామూలుగా పోయినవాళ్లు ఆమె కలలోకి వస్తుంటారు. వాళ్లమ్మ వచ్చి ఆకువక్క అడిగింది. అత్తగారు వచ్చి చీర అడిగింది, అడిగి ఊరుకుంటే అత్త ఎందుకవుతుంది, "పోయినేడు పెట్టినవు సూడు, ఆ రంగు నాకు మంచిగ లేదు" అని వంక కూడా పెట్టింది. అదే వీధిలో ఉండి, బతికినన్నాళ్లూ ఆమెను పలకరించి ఎరగని కిషన్ రావు సారైతే, పోయిన కొన్నాళ్లకే ఆమె కలలో మెట్ల మీద కూర్చుని కళ్లద్దాలు వెతుక్కున్నాడు. నర్సమ్మ పోయి చెబితే సారు కోడలు ముందు కొట్టిపారేసింది. తర్వాత ఎందుకో మనసొప్పక బీరువా తీసి, అద్దాలు తుడిచి ఫోటో ముందు పెట్టింది. సారు మళ్లీ రాలేదు. పోయినవాళ్లకు ఏదైనా కొరత ఉంటే కలలోకి వచ్చి అడుగుతారు, తీరిస్తే రావడం మానేస్తారు. ఈ సంగతి నర్సమ్మకు వాళ్లమ్మ చెప్పింది, వాళ్లమ్మకు అమ్మమ్మ చెప్పింది. ఇన్నేళ్లలో తప్పిన సందర్భం ఒక్కటీ లేదని ఆమె నమ్మకం.

ఇంతమంది తిరిగే ఆ కలలో కనిపించని మనిషి ఒక్కడే. ఆమె మొగుడు సారయ్య.

సారయ్య ఐటీ పార్కులో ఒక కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా పనిచేసేవాడు. ఎప్పుడూ నైట్ డ్యూటీయే. ఆమె చాప పరిచే వేళకు అతను చొక్కా గుండీలు పెట్టుకునేవాడు, ఆమె పొద్దున పిండి తడిపే వేళకు అతను వచ్చి పడుకునేవాడు. మూడేళ్ల కింద చలికాలంలో జ్వరమని దవాఖానకు పోయాడు. నర్సమ్మ ఇంటి నుంచి జావ కాచుకుని తీసుకుపోయేసరికి మంచం ఖాళీగా ఉంది. చివరి మాటంటూ ఏదీ లేకుండా పోయింది ఇద్దరి మధ్య. ఆమె గుండెలు బాదుకుని ఏడ్చింది, తర్వాత నెమ్మదిగా తేరుకుంది, ఎందుకంటే మనసులో ఒక ధీమా ఉంది. ఇవాళ కాకపోతే రేపు కలలోకి వస్తాడు. అప్పుడు కూర్చోబెట్టుకుని మాట్లాడొచ్చు.

రాలేదు. రాకపోతే రాకపోయాడు, తక్కినవాళ్ల కలల్లోకి మాత్రం దర్జాగా పోతున్నాడు. రఘునాథపల్లిలో ఉన్న కూతురు రమకు పత్తి చేను గట్టు మీద తువ్వాల చుట్టుకుని కనిపించాడట. ఆటో నడిపే వెంకట్రాజానికి హోటల్ ముందు కనిపించి చాయ్ తాగించమన్నాడట. ఆ మాట విన్న రోజు నర్సమ్మకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది.

"సంసారం చేసింది నాతోని, చాయ్ తాగుడు వెంకట్రాజంతోనా? సిగ్గు లేదా ఈ మనిషికి?" అని ఫోటోతోనే కొట్లాటకు దిగింది.

ఫోన్లో రమ సర్దిచెప్పింది. "నాయినకు నువ్వు ఏ కొదువ చెయ్యలేదు గదనే అమ్మా. పెత్తరామాసకు అన్ని పెడ్తానవ్. కడుపు నిండినోడు ఎందుకొస్తడు? ఫికర్ చెయ్యకు."

నిజమే. పెత్తరామాసంటే పెద్దలు ఇంటికి వచ్చే అమావాస్య. వాళ్ల పేరు చెప్పి గుళ్లో అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తారు, ఇంట్లో వాళ్లకు ఇష్టమైనవి వండి ఫోటో ముందు విస్తరి వేస్తారు. సారయ్య పోయాక వచ్చిన రెండు పెత్తరామాసలకూ ఆమె మటన్, గారెలు, మట్టి ముంతలో కల్లు, అంచులు కరకరలాడే సర్వపిండి, ఏదీ తక్కువ చేయలేదు. కూతురు ఓదార్పుగా అన్న ఆ మాట తల్లి మనసులో వేరే దారి పట్టింది. అయితే తను పెట్టిన తిండే ఆయన్ని రాకుండా చేస్తోందన్నమాట.

ఈ ఆలోచనను ఆమె ఎవరికీ చెప్పలేదు, పక్కింటి ప్రమీలకు తప్ప. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒకటే గోడ. ప్రమీల భర్త రత్నం పోయి చాలా ఏళ్లయింది. ఆమె ప్రతి ఏడూ సమాధికి సున్నం వేయించి, పూలు పెట్టి, కొవ్వొత్తి ముట్టించి, పాట పాడి వస్తుంది. అన్నం మాత్రం పెట్టదు.

"మీ ఆయనకు ఆకలి కాదా చెల్లె?" అని నర్సమ్మ ఒక మధ్యాహ్నం సకినాలు చుడుతూ అడిగింది.

"మా ఆయన నిద్రపోతాండక్కా. ప్రభువు వచ్చిన్నాడు బూర ఊదుతరు, అప్పుడు లేస్తడు. నిద్రపోయేటోనికి ఆకలేంది?"

"నీదే నయం. ఏడున్నడో ఎరుకే. నాకు అదే సమజైతలేదు. మల్ల పుట్టిండంటరు, పుడితే నేను పెట్టిన అన్నం ఎవలు తింటాండ్రు? పుట్టలేదంటే ఇన్ని దినాలు ఏడ తిరుగుతాండు? అయ్యగారిని అడిగితే శ్లోకం చెప్పె. శ్లోకం మంచిగనే ఉన్నది గని, ఆయన ఏడున్నడో అందుల లేకపాయె."

ప్రమీల పాపం సాయం చేద్దామనే అంది. "బావకు నైట్ డ్యూటీ అలవాటు గదక్కా. రాత్రిపూట రావడానికి కుదురతలేదేమో. పగటీలి పండుకొని సూడరాదు?"

ఆమె నవ్వులాటకు అన్న మాటను నర్సమ్మ పట్టుకుంది. మరునాటి నుంచి అన్నం తినగానే తలుపు దగ్గరికి వేసి పడుకోవడం మొదలుపెట్టింది. కిటికీలోంచి ఎండ పడి నేల మీద జరుగుతూ ఉండేది, రోడ్డు మీద బస్సులు ఎక్కడో నీళ్ల అడుగున పోతున్నట్టు వినిపించేవి. కునుకులో చెప్పుల చప్పుడు వినబడేది, ఖాకీ చొక్కా వాసన వచ్చేది, తలుపు కొంచెం తెరుచుకునేది. ఇక మొహం కనబడుతుందనగా మెలకువ వచ్చేసేది. చూస్తే మెడ కింద చెమట, వాకిట్లో ఎవరిదో కుక్క. అలా అందినట్టే అంది జారిపోతుంటే ఆశ చావక, బతకనివ్వక మనిషి సగమైపోయింది.

మూడో పెత్తరామాస వచ్చింది. గుళ్లో అయ్యగారు పేర్లు అడిగాడు. అత్త పేరు చెప్పింది, మామ పేరు చెప్పింది, తల్లిదండ్రుల పేర్లు చెప్పింది. "మీ ఆయన పేరమ్మా?" అని అయ్యగారే గుర్తు చేశాడు.

"ఆయనకు ఈ పారి వద్దయ్యగారూ," అంది నర్సమ్మ.

అయ్యగారి చేతిలో నీళ్ల చెంబు అలాగే ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆయన అలాంటి మాట విని ఉండడు. వెనక నిలబడినవాళ్లు తోసుకుంటున్నారు గనక తర్వాతి మనిషిని పిలిచాడు.

ఇంట్లో మిగతా పెద్దలకు విస్తళ్లు వేసింది. సారయ్య ఫోటో ముందు నేల తుడిచి వదిలేసింది. వదిలేసి, నడుముకు కొంగు బిగించి ఫోటోకు ఎదురుగా నిలబడింది. "పెట్టను. ఆకలైతే నాకాడికి రా. వచ్చి అడుగు. అప్పుడు పెడ్త." గట్టిగానే అంది గాని, ఆ పూట మటన్ నోట్లో పెట్టుకుంటే రబ్బరు నమిలినట్టు ఉంది. తినకుండా లేద్దామంటే, అది ఉపవాసమై ఆ పుణ్యంతో ఆయన కడుపు నిండుతుందేమోనని భయపడి కళ్లు మూసుకుని మింగింది. ఆ సాయంత్రమే ఊళ్లో బతుకమ్మలు మొదలయ్యాయి. గునుగు పూలు, తంగేడు పూలు వీధి నిండా నడిచిపోతుంటే ఆమె గడపలో కూర్చుని చూసింది, ఎవరు పిలిచినా లేవలేదు.

అప్పటి నుంచి ఎదురుచూపే పనైంది. విచిత్రమేమిటంటే నిద్ర మాత్రం బ్రహ్మాండంగా పట్టింది. ఎన్నో ఏళ్ల బాకీ ఉన్నట్టు, పడుకుంటే చాలు, బావిలో రాయి మునిగినట్టు మునిగిపోయేది. కలలు లేవు. అమ్మ లేదు, అత్త లేదు, ఎవరూ లేరు. పొద్దున లేవగానే దిగులు పట్టుకునేది. ఆకలితో ఉన్నాడేమో. దారి తెలియక ఎక్కడైనా నిలబడిపోయాడేమో. అడగడం రాని మనిషి, బతికున్నప్పుడూ ఇంకో ముద్ద పెట్టమని నోరు తెరిచి ఎరగడు. అలాంటివాణ్ని అడిగితే గాని పెట్టనంది. తను చేసింది ఎంత పాపిష్టి పని! అలాగని ఇప్పుడు పెట్టేస్తే ఇక ఈ జన్మకు రాడు. చూడాలి, ఒక్కసారి చూడాలి. ఈ రెండింటి మధ్య ఆమె ఏ పని చేసినా తెగేది కాదు. వాము వేయడం మరిచిపోయిన సకినాలు తిని పెళ్లివాళ్లు మొహాలు చూసుకున్నారు.

బతుకమ్మ ఆడే ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ పొద్దున ప్రమీల వచ్చింది. వచ్చి కూర్చుంది, లేచింది, గిన్నెలు సర్దింది, మళ్లీ కూర్చుంది.

"ఏందే, ముళ్ల మీద కూసున్నట్టు చేస్తానవ్?"

"అక్కా, నేను చెప్పిన అని ఎవలకు చెప్పకు. మా పాస్టరమ్మకు తెలిస్తే ఊకోదు." ప్రమీల గొంతు తగ్గించింది. "రాత్రి సారయ్య బావ వచ్చిండు."

నర్సమ్మ చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. "ఏడికి?"

"నా కలలకు. మా గేటు కాడ నిలబడ్డడు, డ్యూటీ డ్రెస్ మీదనే. 'ప్రమీలా, ఇంత అన్నం ఉన్నదా' అన్నడు. రాత్రి అన్నం ఉండె, మామిడికాయ తొక్కేసి పెట్టిన. కూసోమంటే కూసోలె. నిలబడే తిన్నడు. మస్తు ఆకలి మీదున్నడక్కా, జెప్పజెప్ప తిన్నడు."

"నిన్ను అడిగిండా?" నర్సమ్మ మొహం పాలిపోయింది. "గోడ అవతల నేనుంటే నిన్ను అడిగిండా? నా మీద కోపమొచ్చిందే ఆయనకు. అన్నం బంద్ పెట్టిన గదా, మొహం చూడొద్దనుకున్నడు."

"నేను గూడ గదే అడిగినక్కా. 'గదేంది బావా, అక్క నీ కోసం ఏడుస్తాంది, ఇంటికి పోరాదు' అన్న." ప్రమీల ఇక్కడ ఆగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "'పొయ్యే వచ్చిన ప్రమీలా, రోజూ పోతాన' అన్నడు. 'మంచిగ నిద్రపోతాంది. లేపితే లేచి పొయ్యి ముట్టిస్తది. పగలంత పిండితోని చేతులు గుంజుతయి ఆమెకు. లేపబుద్ధి కాలె' అన్నడు. చేతులు కడుక్కొని పోయిండు."

ఎండ కిటికీ దాటి ఆమె చాపిన కాలి మీదికి వచ్చింది. నర్సమ్మ ఒక్కసారిగా, ఆనాడు దవాఖానలో ఏడ్చిన ఏడుపు కన్నా పెద్దగా ఏడ్చింది. కోపం లేదు, కొట్లాట లేదు, ఆయన రోజూ వచ్చాడు. వచ్చి, తన పక్కన నిలబడి, ఆకలితోనే తిరిగిపోయాడు. ప్రమీల ఆమె తల పొట్టకు ఆనించుకుని నిలబడింది, ఏ ప్రార్థన చేయాలో తెలియక ఊరికే నిలబడింది.

ఏడుపు ఆగీ ఆగకముందే నర్సమ్మ లేచి పొయ్యి ముట్టించింది.

"ఇయ్యాల పెత్తరామాస కాదు గదక్కా?" అంది ప్రమీల.

"ఆకలైనోనికి పంచాంగం చూసి పెడ్తరానే? జర ఆ గిన్నె అందుకో."

గిన్నె లోపల నూనె రాసి, పిండి ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి సర్వపిండి కాల్చింది. అన్నం వండింది, పప్పు చారు పెట్టింది. ప్రమీల తన ఇంటికి పోయి తొక్కు తెచ్చి, అటూ ఇటూ చూసి, విస్తరి చివర వేసింది. మాపటికి వీధిలోంచి చప్పట్లు, పాటలు మొదలయ్యాయి. నర్సమ్మ ఫోటో ముందు కూర్చుని విస్తరి సర్ది, మిగిలింది గిన్నెలో పెట్టి మూత వేసింది.

"ఇగో, ఇంట్లనే ఉన్నది. రేపు గూడ ఉంటది, ఎల్లుండి గూడ ఉంటది. ఇంకో గేటు కాడ నిలబడకు. మూత తీసి, నువ్వే పెట్టుకొని, కూసోని తిను." కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నన్ను లేపకు."