మొక్కు పేరు చెప్పి సముద్రం చూసొచ్చాం

ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలకు సముద్రం పెరటి తలుపు తీసినంత సులువు. శుక్రవారం సాయంత్రం కారెక్కితే శనివారం పొద్దునకు మహాబలిపురంలోనో పాండిచ్చేరిలోనో ఇసుకలో కూర్చొని ఫొటోలు పంపుతారు. సోమవారం ఏమీ ఎరగనట్టు ఆఫీసులో ఉంటారు. నేను కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో, పుంగనూరుకు మదనపల్లెకు నడుమనున్న మా ఊళ్లో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. చూశామని చెప్పేవాళ్లు మాత్రం ఇద్దరుండేవారు, ఇద్దరూ అబద్ధాలకోరులే. (అందులో ఒకడు మా ఇంటాయన.)

మా మామ ఊరి నీరుగంటి. చెరువు తూము తెరిచి ఎవరి మడికి ఎన్ని నీళ్లో పంచడం ఆయన పని. నేను కాపురానికి వచ్చాక నాలుగేళ్లు చెరువు నిండలేదు, అయినా ఆయన రోజూ పోయి ఎండిన తూమును చూసి వచ్చేవాడు. పంటల్లేక నేను మదనపల్లె టమోటా మండీలో కాయలు ఏరే పనికి పోతానంటే ఒప్పుకోలేదు. అత్త నా తరఫున మూడు రోజులు పోట్లాడితే దిగొచ్చి, "పో. ఒక్క అబద్ధం దొరికినా మండీ బందు" అన్నాడు. ఆ మండీ నాకు ప్రాణం. నలుగురితో కలిసి నోరారా నవ్వింది అక్కడే, నాలుగు కన్నడం ముక్కలు నేర్చింది అక్కడే. మద్రాసుకు కాయలు తోలే లారీ డ్రైవర్లు సముద్రం గురించి చెప్పేవన్నీ మోసుకొచ్చి అత్తకు చెప్పేదాన్ని. వినీ వినీ అత్త ఒకరోజు పొయ్యి ముందు నుంచి లేచింది.

"మేయ్, నేను సచ్చేలోపల ఆ నీళ్లు సూడాల. పిలుచుకోని పో."

"మామకేం చెప్దాం అత్తా?"

"కుప్పంలో గంగమ్మకు మొక్కుండాది, రాత్రికి గుడికాడ నిద్ర చెయ్యాల అంటా."

"అబద్ధం కదా?"

"అబద్ధమెట్లయితాది? కుప్పంలో ఉండేది బిడ్డ, సముద్రంలో ఉండేది తల్లి. మనం తల్లి కాడికే పోతాండాము."

ఇంత గట్టి న్యాయం నేను మళ్లీ ఏ లాయరు నోటా వినలేదు. కుప్పంలో బెంగళూరు నుంచి మద్రాసు పోయే రైలెక్కాం. నాకప్పటికి ఒక్క అక్షరం రాదు (నలభై దాటాక నేర్చుకున్నాను), బోర్డులు చూసి దిగే దారి లేదు. పెట్టెలో బెంగళూరు ఆఫీసు పిల్లల గుంపు ఒకటి ఉంది. వాళ్లు బీచికే పోతున్నారని మాటల్లో పట్టి, వాళ్లు దిగినచోట దిగి, ఎక్కిన బస్సెక్కి, వాళ్ల వెనకే నడిచాం. గళ్ల చొక్కా అమ్మాయి రెండుసార్లు తిరిగి చూసి, "యారు బేకమ్మా?" అంది, ఎవరు కావాలని. "ఎవురూ వద్దు తల్లీ, మాకు సముద్రం బేకు" అన్నాను. వాళ్లంతా విరగబడి నవ్వి, మమ్మల్ని ముందు నడిపించారు.

తీరా ఎదురుగా చూశాను. అన్ని నీళ్లు ఒక్కచోట, అడిగేవాడు లేకుండా. అత్త చెయ్యి అడ్డం పెట్టుకొని చాలాసేపు చూసింది.

"అవతలి గట్టు యాడుండాది మే?"

"కనపల్లేదత్తా."

"అయితే దీన్ని ఎవురూ తవ్వింది కాదు."

చెరువు నిండితే మా ఊళ్లో ఆడవాళ్లు నీళ్ల అంచున పసుపు, కుంకుమ, రవికె గుడ్డ పెట్టి పూజ చేస్తారు. ఇక్కడా అంతే చెయ్యాలంది అత్త. సరిగ్గా అప్పుడే అల వెనక్కి పోయింది. మా చెరువులో వెనక్కి పోయిన నీళ్లు మళ్లీ వాన పడేదాకా రావు, మాకు తెలిసిన నీళ్లు అవే. "పొయినాయి, నేల సల్లగుండాది, ఈడ పెట్టు" అంది అత్త. మారు చీరల మూట, సంగటి ముద్దలు, రెండు జతల చెప్పులు వరసగా పెట్టి, కర్పూరం వెలిగించి, కూర్చొని కళ్లు మూసుకున్నాం. తెరిచేసరికి నడుము దాకా నీళ్లున్నాయి, మూట లేదు. అత్త లేచి మోకాలి లోతులో నిలబడి, "ఇచ్చేదాన్ని కదమ్మా, అంత ఆత్రమేంది నీకు" అని సముద్రాన్ని నిలదీసింది. బెంగళూరు పిల్లలు పరుగెత్తి ఒక చెప్పు పట్టుకొచ్చారు. అది నాదీ కాదు, అత్తదీ కాదు.

వట్టి కాళ్లతో, తడి చీరలతో నవ్వుకుంటూ వెనక్కి వచ్చాం. కుప్పం నుంచి ఇంటికి పోయే బస్సులో మాత్రం నాకు నవ్వు ఆగిపోయింది, మండీ గుర్తొచ్చి. మామ అరుగు మీదే ఉన్నాడు.

"చెప్పులేవి?"

"గుడి ముందర విడిస్తే ఎవురో ఎత్తకపోయినారు మామా."

"మూట?"

"అదీ వాళ్లే."

ఆయన అత్త కొంగు చివర తెల్లగా గట్టిపడిన చోట వేళ్లతో నలిపి చూశాడు. "కుప్పం గుళ్లో ఉప్పు సల్లతారా?"

నా మండీ అయిపోయిందనుకున్నాను. అత్త కొంగు లాక్కుంది. "సముద్రం కాడికి పొయ్యొస్తిమి. నీళ్లు సూడాలనిపించింది, సూస్తిమి. అబద్ధం నాది, ఈ పిల్లది కాదు. దాని మండీ ఆపితే నేను వంట ఆపుతా."

మామ మెల్లగా, "ఎన్ని నీళ్లుండాయి?" అన్నాడు.

"గట్టే లేదు."

"తూము?"

"తూమూ లేదు, నీరుగంటీ లేడు. వాటికవే పోతాయి, వాటికవే వస్తాయి."

"పొయిన నీళ్లు మళ్లా వస్తాయా?"

"చిటికెలో వస్తాయి. మూట ఎత్తకపొయింది అవే."

ఆయన చెరువు వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి నాతో, "రేపు పొద్దున మండీకి పో" అన్నాడు. అత్తతో, "ఈసారి నన్నూ పిలవండి. నీరుగంటి లేకుండా అన్ని నీళ్లు ఎట్ల నడస్తాండాయో సూడాల" అన్నాడు.

అంతా తేలిపోయింది కదా, నోరు మూసుకొని లోపలికి పోవచ్చు కదా. పోలేదు. "చెప్పులు మాత్రం నిజంగా దొంగలే ఎత్తకపొయినారు మామా" అన్నాను, ఎంతో వినయంగా. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పిల్లను చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయి, చాల్లే తల్లీ, నీ మండీ నీకు దక్కింది అని చెప్పాలనిపిస్తుంది.