నీళ్లు పడని బోరు, పెరిగిన వాటా

2017 ఏప్రిల్: తనకల్లు మండలంలో నారాయణమ్మ అనే రైతు చేనులో బోరు వేశారు, నీళ్లు పడలేదు.
2018 మార్చి: రెండవ బోరు, దుమ్మే లేచింది.
2018 సెప్టెంబరు: వేరుశనగ ఊడలు దిగే దశలోనే ఎండిపోయింది.
2018 డిసెంబరు: కరువు జాబితా నుంచి ఆ ఊరి పేరు తొలగించారు.

అప్పుడు నేను గణాంక విభాగంలో క్షేత్ర పరిశీలకుడిని. ఏళ్ల తరబడి పనికొచ్చే యంత్రాలు, కట్టడాలు, బావులపై ఏడాదిలో పెట్టిన ఖర్చును మేము ‘క్యాపిటల్ ఫార్మేషన్’ అంటాము. దానిని ఆ ఏటి మొత్తం ఉత్పత్తితో భాగిస్తే పెట్టుబడి వాటా వస్తుంది. అది పెరిగితే దేశమైనా మండలమైనా బాగుపడుతున్నట్టే లెక్క.

రెండవ బోరు వివరాలు రాస్తుంటే నారాయణమ్మ అడిగింది: “నీళ్లు పడని బోరు గూడా రాసుకుంటాండావేమి సారూ?”

“రాయాలమ్మా. అదీ పెట్టుబడే.”

“అట్లయితే ఈ ఊర్లో నాకంటే పెద్ద షావుకారు ఎవురూ లేరు. రేపట్నుంచి నన్ను చూస్తే లేచి నిలబడమని అంగడి పెట్టుకున్న ఆయప్పకు చెప్తా.” నవ్వి, పశువుల వైపు చూసింది. “ఊరు కరువు జాబితాలో ఉంటే నా రెండావులకు సర్కారు మేతొస్తాది. ఆవులుంటే ఈడే ఉంటా. లేకుంటే బెంగుళూరే.”

పేరు తొలగించాక అనంతపురంలో, జాబితా చూసే అధికారిని కలిశాను.

“ఆ మండలంలో పెట్టుబడి వాటా పెరిగింది గదా సార్,” అన్నాడాయన. “అంత ఖర్చు పెడ్తాండారంటే కరువెక్కడుండాది?”

“పైనున్న ఖర్చు అంకె ఎండిన బోర్లతో పెరిగింది. కిందున్న ఉత్పత్తి అంకె పంట పోయి తగ్గింది. వాటా పెరగక ఏమవుతుంది?”

“నిజమే. కానీ సూత్రం మనం రాసింది కాదు గదా.”

మేత రాలేదు. నారాయణమ్మ ఆవులను కదిరి సంతలో అమ్మేసి బెంగుళూరు వెళ్లింది. అక్కడ ఆమె ఇటుకలు మోస్తున్న భవనం కూడా పెట్టుబడే. అది మరో రాష్ట్రం ఖాతాలో చేరుతుంది.

ఖర్చును కొలవడమంటే ఫలితాన్ని కొలవడం కాదని నా ఉద్యోగం మొత్తంలో ఆ ఒక్క చేను నేర్పింది. నా నివేదికలోని అంకెలు తప్పు కావు. వాటిని చదివిన తీరు తప్పు.

కాబట్టి సంబంధిత కార్యాలయాన్ని కోరుతున్నాను: ఆ రెండు గుంతలు ఏ పంటను తడిపాయని ఆ ఊరిని బాగుపడినట్టు నిర్ణయించారో, సంతకంతో, తేదీతో లిఖితపూర్వకంగా తెలియజేయండి. నకలు నాకు చాలు. అసలు జవాబు నారాయణమ్మకు చేరాలి. ఆమె ఇంటికి తాళం వేసి ఉంది గనుక, ఎక్కడుందో వెతికి ఇవ్వండి.